దిల్‌సుఖ్‌నగర్‌లో ‘గెట్ డౌన్’

‘గెట్ డౌన్’ అనే ఇంగ్లీషు జంటమాటకు ఎల్బీనగర్ చౌరస్తాలో వాడుకలో ఉన్న అర్థం ఒక్కటే: బండి దిగడం. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, వనస్థలిపురం దాటి వచ్చే ఖమ్మం, సూర్యాపేట బస్సులూ, సాగర్ రోడ్డు మీద బీఎన్ రెడ్డి నగర్ వైపు నుంచి వచ్చే దేవరకొండ, మాచర్ల బస్సులూ కలిసేది అక్కడే. ఊరి నుంచి వచ్చేవాళ్లలో చాలామంది మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా పోకుండా ఆ చౌరస్తాలోనే దిగి మెట్రో ఎక్కుతారు. ఎక్కడిదాకా వచ్చావని ఇంటివాళ్లు ఫోన్‌లో అడిగితే “ఎల్బీనగర్‌ల దిగిన” అంటారు. అదే కబురు ఆఫీసులో పై అధికారికి చెప్పాల్సి వస్తే “ఐ గాట్ డౌన్ ఎట్ ఎల్బీనగర్” అవుతుంది. విన్న అధికారికి అందులో సందేహమేమీ ఉండదు. లండన్‌లోనో డాలస్‌లోనో పుట్టి పెరిగిన మనిషికి మాత్రం, భావం అందినా మాట కొత్తగా తోస్తుంది. అలాంటిచోట వాళ్లు వాడేది ‘గెట్ ఆఫ్’.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీధుల్లో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులకు కొదవ లేదు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఆ క్లాసులకు వెళ్తుంటారు. ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ తప్పు, ‘గెట్ ఆఫ్ ద బస్’ ఒప్పు అని ఒక గీత గీసి ముందుకు సాగిపోయే పాఠాలు ఉన్నాయి. ఆ గీత చాలదు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది చెప్పకపోతే పిల్లలు ఒక మాట వదిలి ఇంకో మాట బట్టీ పట్టడమే అవుతుంది.

క్రియ పక్కన అప్, డౌన్, ఆఫ్, ఇన్, అవుట్ లాంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే అర్థాన్నిస్తే దాన్ని ఫ్రేజల్ వర్బ్ అంటారు. ఈ పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో వెలువరించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. పేరు తనది కాదనీ, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించిందనీ ఆయనే చెప్పారు. అంతకు ఎంతో ముందు, 1755లో తన నిఘంటువుకు రాసిన పీఠికలోనే శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీషు నేర్చుకునే పరదేశీయులను ఎక్కువగా కష్టపెట్టేవి ఈ జంటమాటలేనని గుర్తించాడు. తెలుగువాళ్లకు ఈ పద్ధతి మరీ పరాయిది కాదు. పడటం వేరు, పడిపోవడం వేరు. చేయడం వేరు, చేసిపెట్టడం వేరు. రెండో మాట చేరగానే మొదటిదాని రంగు మారుతుంది. కాకపోతే తెలుగులో ఆ రెండూ అతుక్కునే ఉంటాయి. ఇంగ్లీషులో చిన్న మాట క్రియను విడిచి వాక్యం చివరికి కూడా జరుగుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

‘గెట్’ నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన క్రియ. పొందడం, చేరడం, ఒక స్థితిలోకి రావడం దాని పనులు. ‘డౌన్’ చరిత్ర ఆసక్తికరం. పాత ఇంగ్లీషులో ‘డూన్’ అంటే గుట్ట. ‘గుట్ట మీది నుంచి’ అని అర్థమిచ్చే పదబంధం అరిగి అరిగి ‘డౌన్’గా మిగిలింది. పుట్టుకలోనే ఆ మాటలో ఎత్తు ఉంది, పల్లం ఉంది. కాబట్టి గోడ మీది నుంచి, చెట్టు మీది నుంచి, నిచ్చెన మీది నుంచి, గుర్రం మీది నుంచి దిగితే ‘గెట్ డౌన్’ ప్రపంచంలో ఏ ఇంగ్లీషుకైనా సమ్మతమే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోకముందు, మామిడికాయల కాలంలో కొత్తపేట రోడ్డు లారీలతో నిండిపోయేది. లోడు మీద నిలబడి తాడు విప్పిన హమాలీ కిందికి దూకితే “హి గాట్ డౌన్ ఫ్రమ్ ద లారీ” అనడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే లారీ డ్రైవరు తలుపు తీసుకుని క్యాబిన్‌లోంచి దిగితే బ్రిటిష్ వాడుకలో మాట మారి ‘గాట్ అవుట్ ఆఫ్ ద లారీ’ అవుతుంది.

బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వాహనాల విషయంలో పాటించే పద్ధతి సులువైనదే. లోపల నిలబడి నడవడానికి వీలున్న బస్సు, రైలు, విమానం, ఓడలకు ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. ఒంగి లోపల దూరి కూర్చోవాల్సిన కారు, టాక్సీ, ఆటోలకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. కాళ్లు చెరోవైపు వేసుకుని కూర్చునే సైకిలు, మోటారుసైకిలు, గుర్రం మళ్లీ మొదటి గుంపులోకే వస్తాయి. ఎక్కడం, దిగడం అన్న జత తప్ప తెలుగుకు ఇక్కడ వేరే విభాగం లేదు. రైలైనా, ఆటో అయినా, స్కూటీ అయినా దిగడమే.

మెట్రో స్టేషన్‌లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్ల రెడ్ లైన్ మీద 27 స్టేషన్లున్నాయి. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు ఉన్న భాగం 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో తలుపులు తెరుచుకున్నప్పుడు చూస్తే పెట్టె అడుగుభాగమూ ప్లాట్‌ఫారమూ ఒకే మట్టంలో ఉంటాయి. కాలు కిందికి పెట్టే పనే లేదు, అడుగు ముందుకు వేస్తే చాలు. అయినా అది రైలు దిగడమే. ఆ తర్వాత మెట్ల మీదుగానో ఎస్కలేటర్ మీదుగానో టికెట్ గేట్లున్న అంతస్తుకు, అక్కడి నుంచి రోడ్డు మీదికి రావాలి. అదీ దిగడమే. “రైలు దిగి, మెట్లు దిగి, రోడ్డు మీదికొచ్చిన” అంటే ఒకే క్రియ రెండుసార్లు పనిచేసింది. ఇంగ్లీషులో మొదటిది ‘గెట్ ఆఫ్ ద ట్రెయిన్’, రెండోది ‘గో డౌన్ ద స్టెయిర్స్’. పై నుంచి కిందికి అన్న భావం ఉన్నది రెండోదానిలోనే, అందుకే ‘డౌన్’ అక్కడ వచ్చింది. మొదటిదానిలో జరిగింది రైలు నుంచి విడివడటం. ‘ఆఫ్’ చెప్పేది ఆ విడివడటాన్నే.

తెలుగు ‘దిగు’ అసలు పని కూడా, వాహనం దగ్గరికి వచ్చేసరికి, కిందికి రావడాన్ని చెప్పడం కాదు. పడవ దిగిన మనిషి గట్టు ఎక్కుతాడు. అతని కాలు పైకే లేచింది, అయినా ‘దిగాడు’ అనే అంటారు. ఎక్కినదానితో సంబంధం తెగితే దిగినట్టే. ఇంత విశాలమైన క్రియ ఇంట్లో అలవాటై ఉన్న మనిషి ఇంగ్లీషులో దానికి దగ్గరి మాట వెతికినప్పుడు ‘గెట్ డౌన్’ చేతికి రావడం సహజం. తెలుగు ఒక్కటే కాదు, తమిళంలో ‘ఇరంగు’, కన్నడంలో ‘ఇళి’, హిందీ ఉర్దూల్లో ‘ఉతర్‌నా’ ఇదే తీరున పైనుంచి దిగడానికీ బండి దిగడానికీ రెంటికీ వస్తాయి. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చే ఆటోలో తెలుగూ ఉర్దూ రెండూ వినిపిస్తాయి. అక్కడ రెండు భాషలూ మనిషిని ఒకే ఇంగ్లీషు మాట వైపు నడిపిస్తాయి.

దీనికి ఇంగ్లీషు వైపు నుంచీ కొంత ఆసరా ఉంది. గుర్రపు బళ్ల కాలంలో బండి అంటే ఎత్తుగా ఉండేది. మెట్టు మీద కాలు పెట్టి కిందికి రావాలి, బండి తోలేవాడి పీట ఇంకా ఎత్తు. అప్పటి ఇంగ్లీషులో బండి నుంచి ‘గెట్ డౌన్’ అనడం మామూలు సంగతి. బళ్లు మారి నేలకు దగ్గరయ్యాక అక్కడ ఆ వాడుక సన్నగిల్లింది. ఇక్కడ మాత్రం దేశభాషల బలంతో నిలిచిపోయింది. భారతీయుల ఇంగ్లీషుకు తనదైన నడక ఉందనీ, ఈ నేల మీద పాతుకుపోయిన వాడుకలను తప్పుల కింద జమకట్టకూడదనీ బ్రజ్ కచ్రూ 1983లో వచ్చిన ‘ది ఇండియనైజేషన్ ఆఫ్ ఇంగ్లీష్’లో వాదించారు. ‘గెట్ డౌన్’ విషయంలో ఆ వాదన సరిగ్గా అతుకుతుంది. హైదరాబాద్‌లో ఒక తెలుగు మనిషి ఒక తమిళునితోనో బెంగాలీతోనో మాట్లాడుతూ “గెట్ డౌన్ ఎట్ దిల్‌సుఖ్‌నగర్” అంటే అది తప్పు కాదు, ఈ దేశపు ఇంగ్లీషు. విదేశీ విశ్వవిద్యాలయానికి రాసే వ్యాసంలోనో, విదేశీ పరీక్షలోనో, బయటి దేశపు కంపెనీకి రాసే ఉత్తరంలోనో ‘గెట్ ఆఫ్’, ‘గెట్ అవుట్’ వాడుకోవాలి. రైల్వేల ప్రకటనల్లో, నోటీసుల్లో కనిపించే ‘అలైట్’ రాతకు బాగుంటుంది, నోటి మాటగా బిగుసుకుపోయినట్టుంటుంది.

వాడుక ఏదైనా, వాక్యం కుదురుగా ఉండటం వేరే విషయం. “గాట్ డౌన్ ద బస్” అనడం ఇండియన్ ఇంగ్లీషులో కూడా కుదరదు. అది రావడానికి కారణం తెలుగే. ‘బస్సు దిగిండు’ అన్నప్పుడు బస్సు పక్కన ‘నుంచి’ ఉండదు. ఇంగ్లీషులో ‘డౌన్’ తర్వాత వాహనం పేరు రావాలంటే మధ్యలో ‘ఫ్రమ్’ ఉండాలి. స్థలం పేరు ముందు ‘ఎట్’ ఉండాలి. ‘గెట్ ఆఫ్’కు ఈ బాధ లేదు, ‘గెట్ ఆఫ్ ద బస్’ అని నేరుగా చెప్పేయవచ్చు. ఆ రకంగా అది తెలుగు అమరికకు ఇంకా దగ్గర. ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలకు ఈ సంగతి ఒక్కటి చెబితే ‘ఆఫ్’ తొందరగా అలవాటవుతుంది.

కాలం విషయంలో ఎక్కువగా దొర్లే పొరపాటు “డిడ్ యు గాట్ డౌన్?” అన్నది. ‘డిడ్’ వచ్చాక గతాన్ని మళ్లీ చెప్పక్కర్లేదు, “డిడ్ యు గెట్ డౌన్?” చాలు. అప్పుడే దిగిన మనిషిని “దిగినవా?” అని అడగడానికి “హావ్ యు గాట్ డౌన్?” సరిపోతుంది. అమెరికాలో ఆ చోట ‘గాటెన్’ వినిపిస్తుంది. పలికేటప్పుడు ఒత్తు ‘డౌన్’ మీద పడాలి. ‘గెట్’ చివరి టకారం పూర్తిగా వదలకుండానే డకారంలోకి జారుతుంది. ‘గెట్టు డౌను’ అని రెండు మాటలనూ అచ్చులతో ముగించి సమానంగా నొక్కితే, పదాలు సరైనవే అయినా బయటివాళ్ల చెవికి అందడం కష్టమవుతుంది.

దిగడానికి ప్రేరణ దించడం, దింపడం. “అన్నా, మెట్రో కాడ దింపు” అని ఆటో డ్రైవరుతో అన్నట్టు “గెట్ మి డౌన్ ఎట్ ద మెట్రో” అంటే కుదరదు. దానికి “డ్రాప్ మి ఎట్ ద మెట్రో” అనాలి, ‘ఆఫ్’ చేర్చి ‘డ్రాప్ మి ఆఫ్’ అన్నా సరే. ‘డ్రాప్’ తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే “డ్రాప్ చేస్తా” అన్నది ఇప్పుడు ఇంగ్లీషుగా అనిపించదు. ‘గెట్ మి డౌన్’ పనికిరాకపోవడానికి కారణం, ఆ అమరికకు వేరే అర్థం స్థిరపడి ఉండటం. ఒక విషయం మనిషిని ‘గెట్ డౌన్’ చేస్తోందంటే మనసును కుంగదీస్తోందని. సాయంత్రం వేళ చైతన్యపురి సిగ్నల్ దగ్గర గంటలు గడిపేవాళ్లు “దిస్ ట్రాఫిక్ ఈజ్ గెటింగ్ మి డౌన్” అంటే, ట్రాఫిక్ వాళ్లను బండి దింపుతోందని కాదు, ప్రాణం విసిగించి ఉసూరుమనిపిస్తోందని.

‘టు’ చేరితే అర్థం ఇంకో దారి పడుతుంది. ‘గెట్ డౌన్ టు’ అంటే మీనమేషాలు లెక్కపెట్టడం మాని పనికి గట్టిగా పూనుకోవడం. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగి, వచ్చాక పుస్తకం పట్టిన విద్యార్థి గురించి “హి ఫైనలీ గాట్ డౌన్ టు స్టడీయింగ్” అంటారు. ఈ ‘టు’ తర్వాత వట్టి క్రియ రాదు. ‘స్టడీ’ కాదు ‘స్టడీయింగ్’, ‘వర్క్’ అంటే మాత్రం నామవాచకంగా సరిపోతుంది. ఇక్కడ తెలుగూ ఇంగ్లీషూ చేతులు కలపడం చూడాలి. పనిలోకి దిగడం, రంగంలోకి దిగడం అన్న మాటల్లో ఉన్నదీ ఇదే భావన. పైపైన తిరగడం మాని లోపలికి రావడం.

మధ్యలో వస్తువు పేరు పెట్టి ‘గెట్ సమ్‌థింగ్ డౌన్’ అంటే రాసుకోవడం. లెక్చరర్ వేగంగా చెబుతుంటే “ఐ కుడంట్ గెట్ ఇట్ డౌన్” అనే విద్యార్థి అర్థం కాలేదని చెప్పడం లేదు, రాసుకోలేకపోయానని చెబుతున్నాడు. ఇదే అమరిక మింగడానికి కూడా వస్తుంది. జ్వరంతో ఉన్న మనిషికి ముద్ద దిగడం లేదంటే “హి కాంట్ గెట్ ఎనీ ఫుడ్ డౌన్” అని నిశ్చింతగా అనువదించవచ్చు. బ్రిటన్‌లో పిల్లలు భోజనం ముగించి “మే ఐ గెట్ డౌన్?” అని అడుగుతారు, బల్ల దగ్గరి నుంచి లేచి వెళ్లొచ్చా అని. సంగీతం మోగుతుంటే మొహమాటం వదిలి చిందెయ్యడం దీనికి అమెరికన్ యాసలో మరో అర్థం.

వీటన్నిటికన్నా తప్పకుండా తెలియాల్సింది వట్టి ఆజ్ఞగా వచ్చే “గెట్ డౌన్!”. చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లే తెలుగు పిల్లలకు దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో అది “దిగు” అన్న మాటగానే చెవిన పడుతుంది. అక్కడ ప్రమాద సమయంలో పోలీసులో, పక్కవాళ్లో అలా అరిస్తే వెంటనే కిందికి వంగమని, నేలకు అతుక్కుని పడుకోమని. కారులో ఉన్న మనిషి దాన్ని ‘కారు దిగు’ అని అర్థం చేసుకుని తలుపు తీస్తే ప్రాణం మీదికి రావచ్చు. కారు దిగమనడానికి వాళ్లు వాడే మాట ‘గెట్ అవుట్’, ఇంకొంచెం మర్యాదగా ‘స్టెప్ అవుట్’. పైగా ‘గెట్ అవుట్’ ఇక్కడ గెంటివేతగా వినిపిస్తుంది కాబట్టి, అది విని నొచ్చుకోవాల్సిన పని లేదని కూడా చెప్పి పంపడం మంచిది.

తెలుగు ‘దిగు’ వెళ్లే చోటికల్లా ‘గెట్ డౌన్’ వెళ్లదు. ఫొటో దిగితే ‘గెట్ డౌన్’ కాదు, ‘హావ్ ఎ ఫొటో టేకెన్’. ఉద్యోగులు సమ్మెకు దిగితే ‘గో ఆన్ స్ట్రైక్’. ఊరికొచ్చిన బంధువు లాడ్జిలో దిగితే ‘స్టే’. విమానం దిగితే ‘ల్యాండ్’. అందులోంచి ప్రయాణికుడు దిగితే ‘గెట్ ఆఫ్’. ఆందోళనల తర్వాత ప్రభుత్వం దిగివచ్చిందని పత్రికలు రాస్తాయి. ఇంగ్లీషులో అక్కడ ‘క్లైంబ్ డౌన్’ లేదా ‘బ్యాక్ డౌన్’ ఉంటుంది. ‘డౌన్’ కలిసినా క్రియ మారింది.

సరుకు విషయానికొస్తే ఈ మాట భారతీయ వ్యాపారంలో ఇంకో ప్రత్యేక పాత్ర పోషిస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చుని చీరలు చూసే ఆడవాళ్లు “పైఅరలో ఆ ఆకుపచ్చది దించండి” అంటారు. సేల్స్‌మన్ చెయ్యి చాచి తీస్తాడు. దీన్ని “గెట్ దట్ గ్రీన్ వన్ డౌన్” అని చెబితే ఎక్కడైనా చెల్లుతుంది. ‘అది’, ‘దాన్ని’ అన్న సర్వనామం వచ్చినప్పుడు మాత్రం స్థానం మారకూడదు. ‘గెట్ ఇట్ డౌన్’ అనాలి, ‘గెట్ డౌన్ ఇట్’ అనకూడదు. పూర్తి పేరు చెబితే ‘డౌన్’కు ముందైనా వెనకైనా ఉండొచ్చు. అదే దుకాణంలో యజమాని పండగ ముందు “కొత్త స్టాక్ దిగింది, సూరత్ నుంచి తెప్పించాం” అంటాడు. దాన్నే ఇంగ్లీషు కొటేషన్‌లో “వి గాట్ డౌన్ ద స్టాక్ ఫ్రమ్ సూరత్” అని రాయడం ఈ దేశంలో పరిపాటి. దూరం నుంచి తెప్పించడం అనే ఈ అర్థం బ్రిటిష్ వాడుకలో లేదు. తెలుగులో పరాయి చోటి నుంచి వచ్చే సరుకును ‘దిగుమతి’ అంటాం, ఆ పదంలోనే ‘దిగు’ ఉంది. లారీ నుంచి, ఓడ నుంచి దిగితేనే సరుకు మనదవుతుంది అన్న పాత లెక్క అది. మన దేశంలోని వ్యాపారులు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాల్లో ఈ ‘గాట్ డౌన్’ ఎంతకాలమైనా హాయిగా సాగుతుంది. దుబాయ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొనుగోలుదారు చదివే ఉత్తరంలో అయితే, తెప్పించాం అనడానికి ‘వి హాడ్ ఇట్ సెంట్ ఫ్రమ్ సూరత్’ అనీ, స్టాక్ దిగింది అనడానికి ‘న్యూ స్టాక్ హాజ్ కమ్ ఇన్’ అనీ రాయాలి.